బరువుగదిలో అడుగులు

నమోదు 1

భూమికి తిరిగి దిగడానికి పెట్టే నేల పరీక్షకి పేరిచ్చిన ప్రతివాళ్లూ సాధన ఎలా సాగుతోందో వారానికోసారి రాసి పంపాలని వెన్నెలపేట ఆస్పత్రివాళ్ల రూలు. సరే, రాస్తున్నాను. పేరు పైడమ్మ. వయసు యాభై ఎనిమిది. పని గోంగూర మడుల షెడ్డులో. ఇక్కడికి, చంద్రుడి మీదికి వచ్చేటప్పుడు మూడేళ్ల ఒప్పందం అన్నారు. దానికి ఇంకో మూడేళ్లు తగిలించారు, దానికి ఇంకో మూడు. నేనూ కాదనలేదు. జుట్టు ఇక్కడే నెరిసింది.

ఇప్పుడు దిగిపోవాలనుంది. విశాఖపట్నంలో మా అక్క నూకాలు ఉంది. చిన్నప్పుడు ఇద్దరం కలిసి థైథై ఆడేవాళ్లం. ఈ కాలం పిల్లలకి అదేమిటో తెలియదు కాబట్టి చెబుతున్నాను. నేల మీద నాలుగు పలకలుంటాయి, ముందొకటి, వెనకొకటి, అటొకటి, ఇటొకటి. పాట మోగుతుంటే తెర మీద బాణాలు కింది నుంచి పైకి వస్తాయి. బాణం గీతని తాకే క్షణంలో ఆ పలక మీద అడుగు పడాలి. పెందలాడే పడినా తప్పే, ఆలస్యంగా పడినా తప్పే. ఇద్దరు ఆడితే జోడీ, ఎనిమిది పలకలు. అక్కతో మళ్లీ ఒక్కసారి జోడీ ఆడాలి. నాకున్న కోరిక అదొక్కటే. ఫోన్లో ఆడదామంటే మాట అక్కడికి వెళ్లి రావడానికే రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యంతో జోడీ ఆడితే అన్నీ తప్పులే.

తమాషా ఏమిటంటే, నేల పరీక్ష కూడా థైథై యంత్రం మీదే. భూమి బరువు మోస్తూ మనిషి తూలకుండా నిలబడగలడో లేదో తేల్చడానికి అంతకంటే మంచి పరికరం దొరకలేదట డాక్టర్లకి. నూటికి ఎనభై రావాలి. మూడు అవకాశాలు. మూడూ పోతే ఇక జన్మకి దిగనివ్వరు, ఎముకలు ఆగవంటారు.

ఎనభై ఏమిటండీ! సముద్రానికి ఎదురుగా ఉండే కోటిలింగం గేమ్ సెంటర్లో మా జోడీని కొట్టినవాళ్లు లేరు. నాకు పరీక్ష పెడతారట, నాకు!

నమోదు 2

అరవై రెండు వచ్చింది.

రాయడానికే సిగ్గుగా ఉంది. బరువుగది అంటే ఊరి చివర గిరగిర తిరిగే పెద్ద పీపా. అది తిరిగే జోరుకి లోపల నిలబడినవాళ్లకి భూమి మీద ఉన్నంత బరువు తెలుస్తుంది. దాన్ని నడిపేది యాదగిరి. సిద్దిపేట వైపు మనిషి, నన్ను అక్కా అని పిలుస్తాడు. తల పక్కకి తిప్పకక్కా, కడుపులో తిప్పుతది అని ముందే చెప్పాడు. నేను విన్నానా? పాట మొదలవగానే పక్క పలక కోసం తల తిప్పాను, మధ్యాహ్నం తిన్నదంతా గొంతులోకి వచ్చింది.

అయినా అది కాదు అసలు సంగతి. ప్రతి అడుగూ బాణం కంటే ముందే పడిపోయింది. తెర మీద వరుసగా ఎర్ర దీపాలు. బయటికి వచ్చాక యాదగిరి నీళ్లిచ్చి అన్నాడు కదా, "పైడక్కా, నువ్వు ఆట ఆడుతున్నవా, పేడ తొక్కుతున్నవా? గంత గట్టిగ ఎందుకు గుద్దుతున్నవ్?"

ఒళ్లు మండింది. మొదటిసారి కదా, అలవాటు తప్పింది అన్నాను. సాధన చేస్తే అదే వస్తుందిలెమ్మన్నాను.

నమోదు 3

బరువుగది తిప్పడానికి బోలెడు కరెంటు. అందుకని ఒక్కొక్కరికి వారానికి పది నిమిషాలే ఇస్తారు. పది నిమిషాలు ఏ మూలకి? కాబట్టి వినోదశాలలో మూలపడి ఉన్న పాత పలకలు దులిపి, షెడ్డులో గోంగూర మడుల పక్కనే వేసుకున్నాను. షెడ్డులో చంద్రుడి బరువే, అంటే భూమి మీద ఉండేదాంట్లో ఆరోవంతు. ఏమైతేనేం, పలకలు పలకలే, పాట పాటే.

పొద్దున్నే మడులకి నీటి ఆవిరి పెట్టి ఒక పాట. ఆకు కోశాక ఇంకో పాట. పచ్చడికి పండుమిరపకాయలు దంచాక మరొకటి. చెమట కారేలా ఆడుతున్నాను. మొదటి నాలుగు రోజులు డెబ్బై, ఆ తర్వాత ఎనభై ఐదు, నిన్న తొంభై మూడు! తొంభై మూడు చూసి షెడ్డులో నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఆడుతుంటే అంతా గుర్తొస్తోంది. గేమ్ సెంటర్ గుమ్మంలో చెప్పులు విడిచేవాళ్లం. అందరి చెప్పుల్లోనూ ఇసుకే. పలకలు ఉప్పుగాలికి జిగటగా ఉండేవి, ఒట్టి కాళ్లు అంటుకుని చప్పుడయ్యేది. ఆట అయ్యాక కోటిలింగం నిమ్మసోడా కొట్టించేవాడు. సీసాలో గోళీ కిందకి పడిన చప్పుడు వింటే అక్క నవ్వేది. ఎందుకు నవ్వేదో ఇప్పటికీ తెలియదు. ఆ నవ్వు వినాలని మనసు పీకుతోంది.

నమోదు 6

మధ్యలో రెండు వారాలు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. రెండో పరీక్షలో యాభై ఎనిమిది వచ్చింది.

తగ్గింది! ఇంత కష్టపడితే తగ్గింది! షెడ్డులో తొంభై ఐదు, పీపాలో యాభై ఎనిమిది. యాదగిరి కూడా ఈసారి ఎగతాళి చేయలేదు. ఎగతాళి చేసినా బాగుండేది. పక్కన కూర్చుని, "ఫికరు వెట్టకక్కా, ఇంకొక్కటున్నది గద" అన్నాడు. ఒక్కటే ఉందని నాకూ తెలుసు, అందుకే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఇక్కడ కన్నీళ్లు తొందరగా జారవు, బుగ్గ మీదే నిలబడిపోతాయి, అందరికీ కనిపిస్తాయి.

అక్కకి ఫోన్ చేశాను. అక్క ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం. నేను గోడు చెప్పుకున్నంతసేపూ కుడిచేత్తో చిక్కుళ్లు తుంచుతూనే ఉంది.

"ఒలే పైడీ, రోజుకెన్ని పాటలాడతన్నావే?"

"పది దాకా. ఒక్కోరోజు పదిహేను."

"మొదట్నించీ సివరిదాకానా?"

"మరి పాటంటే మొదటినుంచే కదక్కా."

"అదీ సంగతి! కుక్కతోక వంకర పోనేదు. నీకు చిన్నప్పట్నించీ ఇదే రోగం. మొదలు నీకొచ్చు, బాగుంటాది గనక అదే ఆడతావు. కష్టమైన కాడికొచ్చీసరికి అలిసిపోతావు, తప్పులేస్తావు. ఆ తప్పులే కాలికి నేర్పిస్తన్నావు. రోజుకి పదిహేను మార్లు తప్పు నేర్పిస్తే కాలు తప్పు నేర్సుకోదేటి?"

నాకు కోపం వచ్చింది. కోపంలోనే మా డాబా కూడా గుర్తొచ్చింది. డాబా మీద సుద్దముక్కతో ఎనిమిది గళ్లు గీసేది అక్క. పక్కన మా అమ్మ ఆరబెట్టిన నెత్తళ్ల చేపలు. కాకులు రాకుండా మమ్మల్ని కాపలా పెట్టేది. ఎండలో గళ్ల మీద నాలుగంటే నాలుగే అడుగులు, అవీ మేం తప్పేవే, మళ్లీ మళ్లీ వేయించేది. మొదటినుంచి ఆడదామే అని నేను కాళ్లు బాదుకునేదాన్ని. అప్పుడు అక్కకి పదిహేడు, నాకు పన్నెండు. పాట లేదు, యంత్రం లేదు, నోటితోనే "తక తకిట, తక తకిట." వారం పోయాక గేమ్ సెంటర్లో నిలబడితే ఆ నాలుగు అడుగులూ నీళ్లు తాగినట్టు పడేవి. ఎంత మంచి రోజులో అవి! కాకుల్ని తోలిన రోజులు మంచి రోజులని అప్పుడెవరికి తెలుసు?

"నువ్వు లేచి ఒకసారి వేసి చూపించక్కా, చూసి చాలా కాలమైంది" అన్నాను.

"నా కాళ్లతో నీకేటి పని? నీ కాళ్లు సూసుకో" అని ఫోన్ పెట్టేసింది.

నమోదు 7

ఈ వారం పచ్చడి దంచుతుంటే తెలివి వచ్చింది.

చంద్రుడి మీద రోకలి ఎత్తడం చాలా తేలిక. దించడమే కష్టం. వదిలేస్తే తాపీగా దిగుతుంది, మిరపకాయ నలగదు. అందుకని ఇక్కడ దంచేవాళ్లందరం రోకలిని రెండు చేతులా కిందకి తోస్తాం. కొత్తగా వచ్చినవాళ్లకి ముందు నేర్పేది అదే. నేను అలా తోస్తూ తోస్తూ ఆగిపోయాను. కాలు కూడా ఇలాగే కదా! ఇక్కడ అడుగు తనంతట తాను పడదు. ఇన్నేళ్లుగా ప్రతి అడుగూ నేను కిందకి తొక్కుతూనే ఉన్నాను. బరువుగదిలోనూ అలాగే తొక్కితే, అక్కడ బరువు ఒక పక్క లాగుతుంది, నేనొక పక్క తోస్తాను. బాణం కంటే ముందు పడక ఏమవుతుంది?

షెడ్డులో తొంభై ఐదు తెచ్చుకున్నానని మురిసిపోయాను. నిజానికి తొక్కుడులో ఆరితేరాను. ఎంత బాగా ఆడితే పరీక్షకి అంత దూరమయ్యాను.

యాదగిరి దగ్గరికి పరుగెత్తి చెప్పాను. అతను తల గోక్కున్నాడు. "గీడ పుట్టినోళ్లు కూడ గిట్లనే ఫెయిలైతరక్కా. బాగ ప్రాక్టీసు చేసినోళ్లే ఎక్కువ ఫెయిలైతరు. నేను కాళ్లల్ల బలం లేదనుకున్న."

అక్కకి చెబితే మాత్రం ఆశ్చర్యపోలేదు. "మరైతే ఆ షెడ్డులో పలకలు తీసీ. ఇంక దాని మీద కాలెట్టకు."

"వారానికి పది నిమిషాలతో ఏం నేర్చుకుంటానక్కా?"

"రోట్లో తలెట్టినాక రోకటిపోటుకి బయపడితే ఎలాగే? పది నిమిషాలు శానా ఎక్కువ. ఇను. మిగిలిన రోజులు నోటితో ఆడు. నోటికి బరువేటి, అక్కడైనా ఇక్కడైనా ఒకటే. తాళం నోట్లో కుదిరీయాల. ఆ పీపాలోకెల్లినాక పాట సగం జోరుకి తగ్గించమను. తప్పిన నాలుగడుగులే ఆడు. నొక్కకు, ఒగ్గీ. కాలు ఎత్తి ఒగ్గీయడమే నీ పని, దింపడం నేలే సూసుకుంటాది. బాగా పడినాయా, ఇంక ఆపీ."

"బాగా పడితే ఆపడమా? ఇంకోసారి ఆడొద్దా?"

"ఆపీ అంటన్నాను కదేటి! మంచిగా పడిన అడుగు తోటి బయటికి రావాల. అలిసిపోయి తప్పేసి వచ్చినావనుకో, వారమంతా కాలు ఆ తప్పునే గురుతెట్టుకుంటాది."

నమోదు 9

నోటితో ఆడుతున్నాను. ఆకు కోస్తూ తక తకిట, నీటి గొట్టాలు తుడుస్తూ తక తకిట. భోజనాల వరుసలో నా ముందు నిలబడినావిడ వెనక్కి తిరిగి, "ఒంట్లో బాగుందా అండీ?" అని అడిగింది. బ్రహ్మాండంగా ఉంది అన్నాను.

పీపాలో సగం జోరు అంటే నవ్వులాటగా ఉంటుంది. పాట ఈడ్చుకుంటూ మోగుతుంది, బాణాలు నిద్రమత్తులో ఉన్నట్టు వస్తాయి. మొదట పరువు తక్కువ అనిపించింది. కానీ ఎత్తి వదిలితే అడుగు దానంతటదే పడడం అంత నెమ్మదిలోనే తెలిసింది. ఎంత హాయిగా ఉందో! ఇన్నేళ్లు నా ఒళ్లు నేనే కిందకి లాక్కుంటూ బతికానని అప్పుడు తెలిసింది. నాలుగడుగులు. తప్పు, తప్పు, మంచిది, తప్పు, మంచిది, మంచిది. మూడోసారి మంచిది పడగానే "ఆపు యాదగిరీ" అన్నాను.

"ఇంక నాలుగు నిమిషాలున్నది గదక్కా!"

"ఉండనీ."

నాకు పిచ్చెక్కిందనుకున్నాడు అతను. వెనక వరుసలో ఉన్నాయనకి ఆ నాలుగు నిమిషాలు ఇచ్చాడు. పుణ్యం కూడా వచ్చింది.

ప్రతిరోజూ ఒకే వేళకి, గోంగూరకి ఆవిరి పెట్టిన వెంటనే, నోటి తాళం. దానికి వేరే బుద్ధి పుట్టాల్సిన పని లేదు. ఆవిరి గొట్టం బుస్సుమనగానే నోరు తక అంటుంది. ఈ చిట్కా ఎవరూ చెప్పలేదు, నాదే. అక్కకి గొప్పగా చెప్పుకుంటే, "ఒక్కటైనా బుర్ర పెట్టినావు" అంది. మా అక్క నోట మెచ్చుకోలు అంటే అదే.

నమోదు 13

జోరు కొంచెం కొంచెంగా పెంచుతూ వచ్చాం. రెండు వారాల కిందట ముప్పావు జోరులో డెబ్బై ఆరు. నేను ఎగిరి గంతేస్తే అక్క నీళ్లు చల్లింది. తొందరపడి పూర్తి జోరుకి వెళ్లకు, ఇంకో వారం అక్కడే ఉండు అంది. నేను పట్టిన కుందేలికి మూడే కాళ్లని వాదించే మనిషిని, ఈసారి మాట విన్నాను, పూర్తి జోరు ఈ వారమే పెట్టించాను. భయం అలాంటిది. ఇది పోతే ఇంకోటి లేదు.

అక్క ఈమధ్య ఫోన్లో తొందరగా అలిసిపోతోంది. ఎందుకే అంటే ఎండలు అంటుంది. ఎండ అనే మాట విని కూడా ఎన్నాళ్లయిందో. వేడి డాబా మీద అరికాళ్లు చుర్రుమని, ఒక్కో కాలు ఎత్తుతూ గళ్ల మీద గెంతడం, వెనక అక్క కేకలు, ఆవల నీలంగా సముద్రం. ఇక్కడ కిటికీలోంచి చూస్తే ఆ సముద్రం గోళీ అంత ఉంటుంది.

నమోదు 14

ఎనభై నాలుగు!

పాసయ్యాను. మిగతాది తర్వాత రాస్తాను.

నమోదు 15

ఆ రోజు సంగతి రాయాలి. పూర్తి జోరు, పూర్తి బరువు. మొదటి భాగంలో రెండు తప్పులు పడ్డాయి. పాత పైడమ్మ అయితే ఉక్రోషంతో ఇంకా గట్టిగా తొక్కేది. నేను నోట్లో తాళం పట్టుకుని, కాళ్లు వదిలేశాను. కష్టమైన చోటు వచ్చింది. నాలుగు అడుగులూ పడ్డాయి. మళ్లీ నాలుగు. ఆఖరి బాణం వెళ్లిపోయాక కూడా నాకు తెలియలేదు, గాలిలో తక తకిట అంటూనే ఉన్నానట. యాదగిరి పీపా ఆపి లోపలికి వచ్చి నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. "పైడక్కా, గెల్చినవ్! పోతవ్ ఇగ, మమ్ముల మర్చిపోతవ్!" అన్నాడు. కళ్లనిండా నీళ్లు అతనికి.

మర్చిపోనురా అన్నాను. షెడ్డులో పలకలు ఇకమీద ఎవరికీ ఇవ్వొద్దని, సగం జోరు సంగతి అందరికీ చెప్పమని అతనిచేత నా చేతిలో చెయ్యి వేయించుకున్నాను.

అక్కకి ఫోన్ చేశాను. "వొచ్చీ, వొచ్చీ" అంది, అంతే.

నమోదు 16. విశాఖపట్నం నుంచి

ఇది ఎవరూ అడగలేదు. దిగినవాళ్లు రాయనక్కర్లేదు. అయినా రాస్తున్నాను.

రేవు పక్కన, దిగినవాళ్లని కొన్నాళ్లు ఉంచే హాలు ఒకటుంది. కాళ్లు కుదురుకోవడానికి అక్కడా థైథై యంత్రం పెట్టారు, జోడీది. మూడు వారాల తర్వాత బంధువుల్ని రానిచ్చారు. నేను పొద్దున్నుంచీ గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఉప్పుగాలి కొడుతోంది. ఆటో ఆగింది, డ్రైవరు దిగి ముందు ఒక కర్ర తీశాడు. తర్వాత అక్కని దింపాడు.

ఎడమ కాలు ఈడుస్తోంది. ఎడమ చెయ్యి మడిచినది మడిచినట్టే ఉంది.

"ఏటలా సూస్తావు? రెండేళ్ల కిందట పక్షవాతం తగిలినాది. కాలు కొంచెం ఆలీసం, అంతే."

"రెండేళ్లా! నాకు చెప్పలేదేం అక్కా?"

"సెప్తే జోడీ ఆడదామని దిగుదువా? ఎవరితో ఆడతానని అక్కడే ఉండిపోదువు. ఎల్లు, ఎల్లి పాటెట్టు. ఇంత దూరం ఆటోలో కూకుని వచ్చినాను."

ఆమెని పలకల మీద నిలబెట్టి, పట్టుకోవడానికి కుర్చీ వీపు అందించాను. సగం జోరు పెట్టాను. బాణాలు వచ్చాయి. నా వైపు మంచిది, మంచిది. అక్క కాలు లేస్తుంది, ఆలోచిస్తుంది, బాణం గీత దాటి వెళ్లిపోయాక పడుతుంది. ఆమె వైపు అన్నీ ఎర్ర దీపాలే. అక్క పెదవి బిగించింది. నోటితో తక తకిట అంటోంది, అక్షరం పొల్లు పోకుండా, కాలు మాత్రం ఆ మాట వినడం లేదు.

నేను తెర చూడడం మానేశాను. అక్క పాదం చూశాను. అది లేచినప్పుడు నాదీ లేపాను, ఆగినప్పుడు ఆపాను, పడినప్పుడు వదిలాను. నా వైపూ ఎర్ర దీపాలు వెలగడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి, ఆపైన వరుసగా అన్నీ. మా రెండు పాదాల చప్పుడు మాత్రం ఒక్కటే అయింది.

"ఒలే పైడీ, తప్పేస్తన్నావే!"

"తప్పనీ అక్కా."

అక్క నా కాళ్ల వైపు చూసింది. అర్థమైంది. కుర్చీ వదిలేసి నా భుజం పట్టుకుంది. పాట అయిపోయేదాకా అలాగే ఆడాం. చివర్న యంత్రం ఇద్దరికీ కలిపి తొమ్మిది ఇచ్చింది, నూటికి. మా జోడీకి వచ్చిన వాటిలో అంత తక్కువ ఎప్పుడూ లేదు.

అక్క రొప్పుతూ, నవ్వుతూ, నా భుజం వదలకుండా అంది, "ఇంకో పాటెట్టవే."